పాత మిద్దె గుట్టు పక్కింటి దస్తావేజులో

గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న వీధుల్లో ఏ పాత మిద్దెను చూపించి అడిగినా ఒకటే జవాబు: "అదా సామీ, పాతకాలం సత్రం." తిరుపతిలో ఈ మాటను అంత తొందరగా నమ్మకూడదు. యాత్రికులు ఎప్పుడో నాలుగు రోజులు తలదాచుకున్న ప్రతి కట్టడమూ జనం నోట్లో సత్రమే అయింది. బెల్లం మండీ, మఠం వారి ఉగ్రాణం, గుమాస్తాలు కూర్చున్న కచ్చేరి, బండ్లు విడిచిన దొడ్డి, అచ్చాఫీసు, అన్నిటికీ చివరికి ఆ పేరే మిగిలింది.

తేడా తేల్చుకోవడంలో డబ్బు వ్యవహారం కూడా ఉంది. అది నిజంగా ధర్మసత్రమైతే దేవాదాయ శాఖ రిజిస్టరులో ఎక్కి ఉండొచ్చు. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ నిషేధిత జాబితాలో ఆ ఆస్తి నెంబరు ఉంటే సబ్-రిజిస్ట్రారు అమ్మకం దస్తావేజును ముట్టుకోడు. ఒట్టి మండీ అయితే మామూలు సొంత ఆస్తి. బాగుచేయించాలనుకున్నవారికీ ఇది తెలియాలి. ఉప్పు నిలవచేసిన గదికి సిమెంటు పూత పూస్తే రెండేళ్లు నిలవదు. మండీ నేల మోసిన బరువును ఇంటి నేల మోయదు.

చాలామంది ముందు ఆ కట్టడం సొంత దస్తావేజు కోసం తిరుగుతారు. తిరగాల్సిందే గానీ అందులో దొరికేది తక్కువ. "మిద్దె ఇల్లు, దొడ్డి, బావి సహా" అని ఒక మూసలో రాసి వదిలేస్తారు. లోపల ఏం వ్యాపారం జరుగుతోందో చెప్పాల్సిన అవసరం యజమానికి లేదు, చెబితే విలువ ఎక్కువ కట్టి స్టాంపు పెంచుతారేమోనని జంకు కూడా. పక్కింటివాడికి ఆ జంకు లేదు. తన హద్దు చూపించుకోవడానికి అతనికి ఊరంతా గుర్తుపట్టే ఆనవాలు కావాలి. అందుకే "ఫలానా శెట్టి గారి బెల్లం మండీ" అని ఉన్నదున్నట్టు రాయిస్తాడు. పక్కవాడి మిద్దె గురించి అబద్ధం రాయించి అతను బావుకునేదేమీ లేదు. అందుకే నా లెక్కలో మొదటి సాక్షులు నాలుగు వైపుల ఇళ్ల దస్తావేజులు. గోడలూ ముసలివాళ్ల మాటలూ ఆ తర్వాతే.

పని ఇలా మొదలవుతుంది. కంప్యూటరు ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టీ, 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుకు పోవాలంటే దస్తావేజు లోపల రాసిన లింకు డాక్యుమెంటు (దానికి ముందటి దస్తావేజు) నెంబరు, సంవత్సరం పట్టుకుని ఒక్కొక్క మెట్టే వెనక్కి దిగాలి. సబ్-రిజిస్ట్రారు ఆఫీసులో ఒకటో పుస్తకం స్థిరాస్తులది. దానికి రెండు సూచికలున్నాయి. ఇండెక్స్-1 మనుషుల పేర్ల మీద, ఇండెక్స్-2 ఆస్తి మీద, అంటే ఊరు, వీధి, నెంబరు మీద నడుస్తుంది. కొత్తవాళ్లు పేరుతో వెదికి అలసిపోతారు. 1930లో పక్కింట్లో ఎవరున్నారో మనకు తెలియదు గదా! అడగాల్సింది ఇండెక్స్-2. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం రుసుము కట్టిన ఎవరైనా ఒకటో పుస్తకాన్నీ దాని సూచికలనూ చూడొచ్చు, ఆ ఆస్తితో చుట్టరికం చూపించక్కర్లేదు. "మీకేం సంబంధం?" అని గుమాస్తా కసురుకుంటే ఆ సెక్షన్ నెంబరు రాసిన దరఖాస్తు ఇస్తే చాలు. మూడో పుస్తకం వీలునామాలది. రాసినవారు కాలం చేశాక ఎవరడిగినా నకలిస్తారు. సత్రానికి ఆస్తి రాయడం వీలునామాలోనూ జరిగేది కాబట్టి దీన్ని మరిచిపోకూడదు. స్థిరాస్తికి చెందని ఇతర కాగితాలుండే నాలుగో పుస్తకంలోని నకళ్లు మాత్రం సంబంధించిన పార్టీలకే ఇస్తారు.

జిల్లా పేరు దగ్గరే కొందరు తప్పిపోతారు. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. దానికి ముందు కాగితాల్లో తిరుపతి ఉండేది ఉత్తర ఆర్కాటు జిల్లా, చంద్రగిరి తాలూకాలో. అప్పటి కలెక్టరు కచ్చేరి చిత్తూరులోనే ఉన్నా, మద్రాసు ప్రభుత్వం దాకా వెళ్లిన పాత ఫైళ్లు ఇప్పుడు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో చూడాలి. 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతే జిల్లా. ఒకే మిద్దెకు మూడు జిల్లాల పేర్లతో కాగితాలు ఉండటం ఇక్కడ మామూలే.

ఇక అసలు చిక్కు చెక్కుబందీ, అంటే నాలుగు వైపుల హద్దుల వివరం, చదవడంలో ఉంది. ఇప్పటి దస్తావేజుల్లో "తూర్పు: ఫలానా ఇల్లు" అని సూటిగా రాస్తారు. పాతవాటిలో తిరగేసి రాసేవారు: "ఫలానా వారి మండీకి పడమర, రాజవీధికి ఉత్తరం, ఫలానా వారి ఇంటికి తూర్పు, ఫలానా వారి దొడ్డికి దక్షిణం, ఈ మధ్యనున్న స్థలం." మండీకి పడమర ఉన్నది మనం చదువుతున్న స్థలం, కాబట్టి మండీ దానికి తూర్పున ఉంది. ఈ ఒక్క మెలిక తెలియక ఎదురువైపు ఇంటిని మండీ చేసేసినవాళ్లు ఎందరో. చదివిన ప్రతి దస్తావేజుకూ చిన్న పటం గీసుకుని బాణం గుర్తు పెడితే ఈ పొరపాటు జరగదు.

ఇంకో బోను దీనికంటే పెద్దది. దస్తావేజు లేఖరులు పాత కాగితాన్ని ముందు పెట్టుకుని హద్దులను మక్కికి మక్కి ఎక్కించేవారు. 1931లో "నూనె గానుగ కొట్టం" అని రాశారనుకోండి, 1946లోనూ 1968లోనూ అదే మాట కనిపిస్తుంది. గానుగ ఎప్పుడో ఎత్తేసి ఉంటారు, కాగితంలో మాత్రం ఎద్దు తిరుగుతూనే ఉంటుంది. అందుకని ఒక మాట మొదటిసారి ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు మారింది, ఈ రెండు తేదీలకే విలువ. మధ్యలో వచ్చినవి నకళ్లు. నాలుగు వైపుల ఇళ్లలో రెండు వేర్వేరు కుటుంబాల దస్తావేజులు, వేర్వేరు లేఖరులు రాసినవి, పదేళ్ల లోపు తేడాతో ఒకే మాట చెబితే దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చు. ఒక్కటే చెబితే పెన్సిల్‌తో రాసుకుని పక్కన పెట్టాలి.

కొలతలు కూడా గుర్తుపట్టడానికి పనికొస్తాయి. తిరుపతి వైపు అంకణం అంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. తూర్పు పడమర 24 అడుగులు, ఉత్తర దక్షిణం 60 అడుగులు ఉన్న స్థలం ఇక్కడ 40 అంకణాలు, అక్కడ 20. నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్లూరుపేట 2022లో తిరుపతి జిల్లాలోకి వచ్చింది కాబట్టి ఇప్పుడు ఒకే జిల్లాలో రెండు అంకణాలు చెల్లుతున్నాయి. లేఖరి ఏ వైపువాడో చూసుకోవాలి. పైగా ఇంటి విషయంలో అంకణమంటే రెండు దూలాల మధ్య ఖాళీ కూడా. "అయిదంకణాల మిద్దె" అన్నప్పుడు అది చదరపు లెక్క కాదు.

తేదీల సంగతి. పాత రెవెన్యూ కాగితాలు ఫసలీలో, అంటే జూలైలో మొదలయ్యే రెవెన్యూ ఏడాది లెక్కలో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడాది జూలై వస్తుంది: ఫసలీ 1340 అంటే 1930 జూలై నుంచి 1931 జూన్ దాకా. ఆనంద నామ సంవత్సరం అని మాత్రమే ఉంటే అది 1914 కావచ్చు, 1974 కావచ్చు, 1854 కూడా కావచ్చు. అప్పుడు స్టాంపు కాగితం చూడాలి. దాని మీది రాజు ముఖం, వెనక స్టాంపు వెండరు రాసిన కొన్న తేదీ తేల్చేస్తాయి. అణాల్లో లెక్క ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది అనుకోవచ్చు. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు జనం అణాల్లోనే మాట్లాడారు గానీ సర్కారు కాగితాల్లో నయాపైసలు వచ్చాయి. రాత గొలుసుకట్టు (అక్షరాలు కలిపి రాసినది) అయితే ఒక రోజులో రెండు మూడు పేజీలకు మించి సాగదు. తిరుపతిలో అరవ రాతలోనూ దస్తావేజులు తగులుతాయి. చదవగలిగిన మనిషిని ముందే చూసుకోవడం మంచిది. గొలుసుకట్టుకు ఒక ఉపాయముంది: ముందు చెక్కుబందీ దగ్గరికి పోండి. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అనే నాలుగు మాటలు అక్కడ తప్పకుండా ఉంటాయి. వాటి అక్షరాలు ఆ చేతిలో ఎలా పడ్డాయో గుర్తుపడితే మిగతాది దారికొస్తుంది.

అమ్మకం దస్తావేజుల కంటే భోగ్యం కాగితాలు, పారిఖత్తులు ఎక్కువ మాట్లాడతాయి. భోగ్యంలో అప్పిచ్చినవాడు కట్టడాన్ని వాడుకుంటాడు కాబట్టి లోపల ఏముందో ఏకరువు పెట్టాల్సిందే: ఇంజను, షాఫ్టు, హల్లరు, కాటా, ఇనప్పెట్టె. పారిఖత్తులో అన్నదమ్ములు గదిగదికీ పేరు పెట్టి పంచుకుంటారు, "వడ్లకొట్టు", "వంటసాల", "లెక్కల గది" అని. బాడుగ కాగితాల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. 1999కి ముందు ఏడాదికి మించని బాడుగను రిజిస్టరు చేయాల్సిన పని ఉండేది కాదు. అప్పటి పదకొండు నెలల ఒప్పందాలు అందుకే ఏ పుస్తకంలోనూ కనబడవు. అసలు వాడుక ఎక్కువగా బాడుగదార్లదే, వాళ్లేమో కాగితంలో ఉండరు. ఈ ఖాళీని పూడ్చడానికే మునిసిపాలిటీకి పోవాలి.

తిరుపతి మునిసిపాలిటీ 1886లోనే ఏర్పడింది, చిత్తూరుది 1917. పన్ను రిజిస్టర్లలో మనకు కావలసింది పన్ను కట్టినవాళ్ల పట్టీ కంటే కట్టనివాళ్ల పట్టీ. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం బాడుగ వసూలు చేయని సత్రాలకూ, వసూలు చేసినా ఆ సొమ్మును ధర్మానికే వాడే సత్రాలకూ ఆస్తిపన్ను మినహాయించింది. ఊరంతా సత్రమని చెప్పే మిద్దె ఆ మినహాయింపు పట్టీలో ఏ ఏడూ లేకుండా, ఏటా నిండు పన్ను కడుతూ వచ్చిందంటే సత్రం కథ మీద గట్టి అనుమానం పెట్టుకోవాలి. అలాగే కొన్ని వ్యాపారాలకు ఏటా లైసెన్సు ఉండాలి. ఆఫీసు భాషలో డి అండ్ ఓ, అంటే ప్రమాదకరమైనవి, చుట్టుపక్కలవారికి ఇబ్బంది కలిగించేవి. కట్టెల అడితి, పిండిమర, తోళ్ల కొట్టు లాంటివి ఈ రిజిస్టరులో బాడుగదారు పేరుతో సహా దొరుకుతాయి.

ఇబ్బందల్లా డోరు నెంబర్లతోనే. వార్డులు మార్చినప్పుడల్లా నెంబర్లు మారాయి. కొత్త నెంబరుతో పాత రిజిస్టరు అడిగితే "లేదు" అంటారు, అబద్ధమాడరు గానీ నిజమూ తెలియదు. నెంబరును కాకుండా వీధి వరుసను పట్టుకోవాలి. మూలనున్న గుడో, బావో, మలుపో ఏదో ఒకటి మారకుండా ఉంటుంది. అక్కణ్ణించి ఎన్నో ఇల్లో లెక్కపెట్టి పాత రిజిస్టరులో అదే వరుసకు వెళ్లాలి. టౌన్ సర్వే నెంబరు దొరికితే ఈ తంటా తగ్గుతుంది. టీఎస్ నెంబరు డోరు నెంబరంత సులువుగా మారదు.

రికార్డు ఇవ్వమంటే ఆర్టీఐ వేయొచ్చు. పది రూపాయల రుసుము, ముప్పై రోజుల గడువు. కానీ "ఈ భవనం పూర్వం ఏమిటి?" అని అడిగితే జవాబు రాదు, రావాల్సిన పనీ లేదు. అభిప్రాయం చెప్పడం సమాచార అధికారి పని కాదు. "ఫలానా వార్డు, ఫలానా వీధి, 1935 నుంచి 1940 వరకు ఆస్తిపన్ను డిమాండు రిజిస్టరు, ఆ పేజీల నకళ్లు" అని అడగాలి. ఫైలు నెంబరు దొరికితే దాని తోక చూడండి. ఆర్.డిస్ అని ఉంటే శాశ్వతంగా ఉంచాల్సిన ఫైలు, డి.డిస్ పదేళ్లది, ఎల్.డిస్ ఏడాదికే పోయేది. యాభై ఏళ్ల నాటి ఎల్.డిస్ ఫైలు కోసం అప్పీళ్లు వేస్తూ కూర్చోవడం దండగ.

సత్రం అన్నమాట రుజువు కావాలంటే ఇంకో రెండు చోట్లున్నాయి. ఒకటి ఇనాం రిజిస్టరు. 1858 తర్వాత ఇనాం కమిషన్ ఊరూరా తిరిగి ఏ మాన్యం ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో రాసి టైటిల్ డీడు నెంబరు ఇచ్చింది. సత్రం ఊళ్లో ఉన్నా దాన్ని నడిపే ఆదాయం ఏ పల్లెలోని మడి నుంచో వచ్చి ఉంటుంది. కాబట్టి తిరుపతి రిజిస్టరులో లేదని వదిలేయకూడదు, చుట్టుపక్కల ఊళ్ల ఇనాముల్లో "సత్ర ధర్మం", "చలిపందిరి" అనే కారణాల కోసం చూడాలి. రెండోది దేవాదాయ శాఖ ఆస్తుల రిజిస్టరు: 1987 నాటి 30వ చట్టంలో 43వ సెక్షన్ కిందిది, దానికి ముందు 1966 నాటి 17వ చట్టంలో 38వ సెక్షన్ కిందిది. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకదానిలో ఉండి రెండోదానిలో లేని ఆస్తులే తర్వాత కోర్టులకెక్కుతాయి. ధర్మకర్తల తగాదా వచ్చి ఉంటే సివిల్ ప్రొసీజరు కోడ్ 92వ సెక్షన్ కింద దావా పడి, జిల్లా కోర్టు స్కీము డిక్రీ, అంటే ఆ ధర్మాన్ని ఎలా నడపాలో చెప్పే తీర్పు, ఇచ్చి ఉంటుంది. ఆ డిక్రీ షెడ్యూలులో ఎన్ని గదులు, ఎందరికి అన్నం, ఎన్నాళ్లు బస అన్నీ రాసి ఉంటాయి. అంతకు మించిన కాగితం లేదు.

తిరుపతికి ప్రత్యేకమైన సంగతొకటి. 1843 నుంచి 1933 దాకా తిరుమల ఆలయ పాలన హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉండింది. అప్పటి కాగితాల్లో వాళ్ల హోదా విచారణకర్త. మఠానికి సొంత ఆస్తులూ ఉన్నాయి, దేవస్థానం ఆస్తులను చూసే అధికారమూ ఉంది. "మహంతు గారి కొట్టడి" అని హద్దులో కనిపిస్తే అది మఠానిదా దేవస్థానానిదా అనేది ఆ మాటతో తేలదు. దస్తావేజు కింద సంతకం ఏ హోదాలో పెట్టారో చూడాలి. పాత హుజూరు ఆఫీసు అనే పేరు ఇప్పటికీ జనం నోట్లో ఉంది. హుజూరు అంటే పెద్ద అధికారి కొలువుండే చోటు. కృష్ణాపురం ఠాణాలోనూ పాత మాటే మిగిలింది. బేరి వీధి అనగానే వర్తకం తలపుకొస్తుంది. అయితే వీధి పేరు వీధికే సాక్ష్యం, అందులోని ఒక్కొక్క ఇంటికి కాదు.

చిత్తూరు పట్టణంలో పాత సారాయి కొట్ల విషయంలో ఒక తేదీ గుర్తుంచుకోవాలి. మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధం 1937లో సేలంలో మొదలై, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. పక్కింటి దస్తావేజులో 1936లో "కల్లు దుకాణం", 1940లో "బియ్యపు కొట్టు" అని ఉంటే కారణం వెదుక్కోనక్కర్లేదు.

కాగితాలు చూశాక గోడల దగ్గరికి రావాలి. ముందే వస్తే కంటికి నచ్చిన కథ అల్లుకుంటాం. 30 మీటర్ల టేపు, మంచి టార్చిలైటు, ఒక అయస్కాంతం, నీళ్లు చిమ్మే సీసా, సన్నని బ్లేడు చాలు. ఎదురుగా కాకుండా గోడకు ఆనించి పక్కవాటుగా లైటు వేస్తే పూత కింది ఎగుడుదిగుడులు నీడలుగా లేస్తాయి: మూసేసిన గుమ్మం, పీకేసిన మేకుల వరుస, పాత బోర్డు అక్షరాలు. సున్నం పూతల కింద రాతలుంటే సన్నగా నీళ్లు చిమ్మి చూడండి. తడిసిన సున్నం కొంచెంసేపు పారదర్శకమై కింది కావిరంగు అక్షరాలు తేలతాయి. ఆరేలోపు ఫొటో తీసుకోవాలి. వైరు బ్రష్షుతో గీకడం, ఆసిడ్ రుద్దడం చేశారంటే సున్నంతో పాటు అక్షరాలూ పోతాయి. పొరలు చూడాలంటే గోడ మూలలో అంగుళం మేర బ్లేడుతో మెట్లుమెట్లుగా గీసి ఒక్కో రంగూ బయటపెట్టాలి, అంతకంటే వద్దు.

కప్పు చూస్తే కట్టిన కాలం కొంత తెలుస్తుంది. మద్రాసు మిద్దె అయితే టేకు దంతెల మీద సుమారు ఆరంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న చిన్న ఇటుకలను నిలువుగా, ఐమూలగా సున్నంలో పేర్చి, పైన ఇటుక జల్లి కొట్టి గట్టిచేస్తారు. దంతెల బదులు ఇనప దూలాలుంటే పక్కభాగం మీద అచ్చు చూడండి, రంగు కింద ఉంటుంది. డోర్మన్ లాంగ్ అయితే ఇంగ్లండు నుంచి వచ్చింది. టాటా అచ్చుంటే 1912కు ముందుది కాదు, ఆ కర్మాగారంలో ఉక్కు అప్పుడే మొదలైంది. మంగళూరు పెంకు వెనక కూడా కంపెనీ పేరుంటుంది. పెంకులు మాత్రం ఒక ఇంటి మీంచి ఇంకో ఇంటికి పోతుంటాయి, ఒక్క పెంకు చూసి తేదీ కట్టొద్దు.

సత్రమూ మండీ రెండూ బయటికి ఒకేలా కనిపించొచ్చు: పొడవాటి తిన్నెలు, పెద్ద తలుపు, లోపల తొట్టి (నడుమ కప్పులేని ముంగిలి). తేడా లోపలుంది. సత్రంలో తొట్టి చుట్టూ ఒకే కొలత గదులు వరుసగా ఉంటాయి, ఒక్కోదానికి విడిగా గొళ్లెం, విడిగా దీపపు గూడు. వెనక వంటసాలలో గాడిపొయ్యి పూడ్చిన ఆనవాలు నేలమీద సన్నగా పొడుగ్గా వేరే రంగు గచ్చుగా కనిపిస్తుంది. పైన దూలాలు ఎన్ని సార్లు సున్నం కొట్టినా పచ్చగా మసి కక్కుతాయి. నేలలో పాతిన రోళ్లు రెండు మూడుంటాయి. బావికి ఒకటికి మించి గిలకలు, పక్కన పొడవాటి రాతితొట్టి.

మండీలో గదులు తక్కువ, ఉన్నవి పెద్దవి. కిటికీలు ఉండవు, కప్పు కింద చిన్న గాలిరంధ్రాలుంటాయి. వీధివైపు నేల మూడడుగుల ఎత్తులో ఉంటుంది, బండి పలకకు సమానంగా, మూటను ఎత్తకుండా జరపడానికి. బండి లోపలికే వచ్చేదైతే ద్వారం ఆరేడు అడుగులు ఉండాలి, ద్వారబంధం మూలల్లో ఇరుసు తగలకుండా కాపురాళ్లు, గడపరాతి మీద చక్రాల గాళ్లు ఉంటాయి. నడిమి దూలానికి కాటా వేలాడదీసిన కొక్కెం, అది ఊగి ఊగి చెక్కలో తొలిచిన గాడి: ఈ ఒక్క గుర్తు కనిపిస్తే పది మాటలు వినక్కర్లేదు. తలుపు పక్క గోడ మీద బొగ్గుతోనో కావితోనో అయిదేసి గీతల కట్టలు ఉంటే అవి మూటల లెక్క. ఫొటో తీయకుండా సున్నం కొట్టించకండి.

ఉప్పు కొట్టు గోడను చాలామంది చెమ్మ అనుకుంటారు. నేల చెమ్మ అన్ని గోడలకూ ఎక్కుతుంది, పై అంచు వంకరటింకరగా ఉంటుంది. ఉప్పు బస్తాలు ఆనిన గోడ లోపలివైపు మాత్రమే, మూడు నాలుగడుగుల ఎత్తులో దాదాపు సూటి గీతలా పెళ్లలు రాలుతుంది. ఇటుక లోపల చేరిన ఉప్పు గాలిలోని తేమను పీల్చి, ఆరినప్పుడు స్ఫటికమై పూతను తోసేస్తుంది. సిమెంటు పూస్తే ఆ తేమ బయటికి రాలేక ఇంకా పైకి పాకుతుంది. సున్నపు పూతే వేసి, అది రాలితే మళ్లీ వేయడమే దారి.

సినిమా హాలును గిడ్డంగి చేసినచోట నేల చదును చేసేస్తారు. అయినా పక్క గుమ్మాల గడపలు ఒక కొస నుంచి రెండో కొసకు మెల్లగా లోతుకు పోతుంటాయి, నేల వాలు అదే. వెనక గోడ పైభాగంలో జంటలుగా చిన్న చదరపు రంధ్రాలు, ఒకటి యంత్రానికి, ఒకటి ఆపరేటరు చూడటానికి. ఆ గదికి బయటి నుంచే మెట్లుంటాయి, పాత నైట్రేటు ఫిల్ము ఇట్టే అంటుకునేది కాబట్టి. కాగితాలకు కలెక్టరేటులో బి-ఫారం (సినిమా ఆడించే) లైసెన్సు ఫైలు అడగాలి. అచ్చాఫీసు అయితే ఇంకా తేలిక: బండల సందుల్లో పుల్లతో గీకితే సీసం టైపులు ఒకటో రెండో బయటపడతాయి.

రాళ్లు మోసం చేస్తాయి. గుమ్మం మీది శిలాఫలకం ఆ రాయి వేసిన తేదీ చెబుతుంది, కట్టడం తేదీ కాదు. పక్క మండపం కూలినప్పుడు తెచ్చి నిలబెట్టిన చెక్కుడు స్తంభాలు చూసి నూరేళ్ల మిద్దెను రాయలకాలానికి నెట్టేసేవాళ్లుంటారు. స్తంభం కింద పీఠం ఉందా, పైన బోదె (స్తంభం తల) దూలానికి సరిపోయిందా, రెండు స్తంభాల చెక్కడం ఒకటేనా చూడండి. ఎత్తు చాలక కింద ఇటుక ముక్కలు పెట్టి ఉంటే అది వలస వచ్చిన స్తంభమే.

ముసలివాళ్లను అడిగేటప్పుడు "ఇది సత్రమేనా అవ్వా?" అని అడగొద్దు. అవునంటుంది, మీ ముచ్చట తీర్చడానికి. "ఈ తలుపు ముందర ఏం వాసనొచ్చేది? పొద్దున ఎవరొచ్చేవాళ్లు? బండ్లు ఏ పక్క విప్పేవాళ్లు? దీపం ఎప్పటిదాకా ఉండేది?" ఇట్లా అడగాలి. తేదీలు అడిగితే తప్పు చెబుతారు. ఆమె పెళ్లికి ముందా, కాన్పులకు తర్వాతా అని అడిగితే సరిగ్గా చెబుతారు. ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది కాబట్టి, అలిపిరి నుంచి నడిచి ఎక్కే రోజుల్లోనా, బస్సులు తిరిగే రోజుల్లోనా అనేది కూడా మంచి గురి.

అన్నీ చేతికొచ్చాక ఒకే తీర్పు రాయకండి. ఒక మిద్దెకు నూటయాభై ఏళ్లలో మూడు నాలుగు బతుకులుంటాయి. ఒక కాగితం మీద ఏడాదుల గీత గీసి, ఏ ముక్క ఏ సాక్ష్యం మీద నిలబడిందో కింద రాయండి: దస్తావేజు నెంబరు, పన్ను రిజిస్టరు పేజీ, గోడ గుర్తు, మనిషి మాట. సాక్ష్యం లేని ఏళ్లను ఖాళీగానే వదలండి.

ఇంకొక్క మాట, అటకల గురించి. మూటలు కట్టిన లెక్కల పుస్తకాలు, తాటాకు కట్టలు దొరికితే పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి. తాళపత్రాలైతే ఎస్వీ యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధన సంస్థవాళ్లకు చూపించండి. నేల తవ్వేటప్పుడు నాణేల కుండ లాంటిది బయటపడితే 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు రాసి ఇవ్వాలి. విలువ పది రూపాయలు దాటితే చాలు ఆ చట్టం వర్తిస్తుంది. పుస్తకాలను ఎండలో ఆరబెట్టొద్దు, నీడలో గాలికి పరచండి. మొదటి పేజీ కంటే చివరి పేజీలు ముందు చూడండి. బాకీల పట్టీ అక్కడుంటుంది. ఎవరు ఏ సరుకుకు ఎంత బాకీ ఉన్నారో తెలిస్తే ఆ మిద్దెలో ఏం అమ్మారో వేరే అడగక్కర్లేదు.